అరుగు మీదికి వచ్చిన మిరప కొమ్మ

మా ముత్తాతగారు ఈ ఊరికి మునసబు. ఆయన తండ్రిగారూ మునసబే. చిలకలూరిపేట నుంచి అద్దంకి వెళ్లే దారిలో పొగాకు కాల్చే బ్యారన్ కట్టిన మొదటి ఇల్లు మాది. మా తాతగారు మునసబు పని చూసుకుంటూనే గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు నడిపారు. ఊళ్లో మొదటి రేడియో ఆయనది, మొదటి దినపత్రికా ఆయనదే. పత్రిక మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ఆయన భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, లేచి అరుగు మీద కూర్చుని చదివి, ఊరికి అవసరమని తోచినవి పైకి చెప్పేవారు. ఆయన చెప్పినవి జరిగినట్టు, చెప్పనివి జరగనట్టు. ఏ విత్తనం వేయాలి, ఏ ఎరువు మంచిది, వాన ఎప్పుడు పడుతుంది అన్నవి కూడా ఆ అరుగు మీదే తేలేవి. వాన విషయంలో ఆయన మాట చాలాసార్లు తప్పింది. తప్పు వాన మీదికి పోయింది.

మా నాన్నగారి కాలంలో మునసబీలు రద్దయ్యాయి. పత్తికి తెల్లదోమ తగిలింది. గుంటూరు కొట్టు మూతపడింది. బ్యారన్లు పడగొడితే వచ్చిన ఇటుకలు ఊళ్లో చాలా ప్రహరీ గోడల్లో ఉన్నాయి. ఏ గోడలో ఉన్నాయో నేను గుర్తుపట్టగలను. ఆ సంగతి ఎవరితోనూ అనను. నా వంతుకు వచ్చినవాటిలో చెప్పుకోదగ్గవి వాగు పక్కన నల్లరేగడి పొలం, బస్టాండు దగ్గర రెండు కొట్లు, ఇల్లు, ఇంటికి ఉన్న అరుగు. పొలం కౌలుకిచ్చాను, కొట్లు అద్దెకిచ్చాను. అరుగు మీద నేను కూర్చుంటాను.

ఈ ఇంటికి కొన్ని పద్ధతులున్నాయి. మేము ఎవరినీ అడగం, మమ్మల్ని అడుగుతారు. మా ఇంటి మగవాళ్లు చేలోకి దిగరు, చేనే మా అరుగు మీదికి వస్తుంది. పొగాకు అయితే ఒక ఆకు, పత్తి అయితే ఒక గుప్పెడు, మిరప అయితే ఒక కొమ్మ తలగుడ్డలో చుట్టి తెచ్చి అరుగు మీద పరిచేవారు. మా తాతగారు చూసి మాట చెప్పేవారు. ఆ మాట ఎప్పుడూ సరిగ్గానే ఉండేదని ఊరు అంటుంది. మా ఊరికి మర్యాద ఎక్కువ.

చేతిలోకి ఫోను వచ్చాక అందులో నాకు నచ్చింది ఒక్కటే. అక్కడ అడిగితే ఎవరికీ తెలియదు. మా వైపు రైతుకు ఏ సందేహం వచ్చినా ముందుగా వెళ్లేది పురుగుమందుల కొట్టుకు. మా ఊళ్లో ఆ కొట్టు మా తాతగారి దగ్గర గుమాస్తాగా చేసినాయన మనవడిది. మంచివాడు. నన్ను చూస్తే లేచి నిలబడతాడు. ఇబ్బందంతా అక్కడే ఉంది. మన కోసం లేచి నిలబడ్డ మనిషిని పట్టుకుని "ఇదేమిటయ్యా?" అని అడగలేం. ఫోను లేచి నిలబడదు. దాన్ని ఏమైనా అడగవచ్చు.

అట్లా అడిగి అడిగి నాకు కొంత అలవాటైంది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకటి పంపుతారు. నీళ్లతో నడిచే మోటారు సైకిలు, మీటరు మీద అయస్కాంతం పెడితే తగ్గే కరెంటు బిల్లు, సెల్ టవర్ నీడలో నిలవని పత్తి కాయ. కింద ఇంకెవరో "ఇది నిజమేనా బాబుగారూ?" అని రాస్తారు. ఊరికి ఇంకా ఆ అలవాటు పోలేదు. నేను మధ్యాహ్నమంతా కూర్చుని వెతికి, "అబద్ధం" అనో "నిజం" అనో రాస్తాను. ఒక్కోసారి "తెలియదు" అని రాస్తాను. ఈ మూడో జవాబు ఊరికి నచ్చలేదు. మా తాతగారు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదని ఒక పెద్దాయన గ్రూపులో గుర్తు చేశాడు.

వెతకడంలో నాకు నేను పెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. చెప్పేవాడు చివర ఏం అమ్ముతాడో ముందు చూస్తాను. వీడియో అయితే చివరి నుంచి మొదలుపెడతాను. మందు కొట్టిన సాలును చూపించి, కొట్టని సాలును చూపించనివాడి మాట సగంలో ఆపేస్తాను. ఒకే సంగతి పది చోట్ల ఉంటే పదిమంది చెప్పినట్టు కాదని కూడా కొంతకాలానికి తెలిసింది. ఒకడు రాస్తాడు, మిగిలినవాళ్లు ఎత్తిరాస్తారు. ఒక ఫోటో ఉంది. పచ్చటి మిరప చెట్టు, దాన్ని పట్టుకున్న చెయ్యి, బొటనవేలి గోరు మీద నల్లటి మచ్చ. వేరువేరు కంపెనీల వేరువేరు మందులకు ఆ బొటనవేలే సాక్ష్యం చెప్పింది. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. నమస్కారం పెట్టాలని అనిపిస్తుంది.

ఇంగ్లీషులో మంచి సమాచారం దొరుకుతుంది. అది ఏ ఇండోనేషియా మిరప గురించో ఉంటుంది. తెలుగులో మన మిరప గురించే ఉంటుంది, అయితే అందులో చాలా భాగం అరుపులు. నిదానంగా, నమ్మకంగా రాసినవి తెలుగులో లేక కాదు. అవి కాగితాన్ని ఫోటో తీసి పెట్టినట్టుగా ఉంటాయి. మనం టైపు చేసిన మాట వాటిలో ఉన్నా వెతికే యంత్రానికి కనబడదు. ఎవరింట్లో ఏముందో తెలిసి, తలుపు తట్టి వెళితే తప్ప దొరకవు.

పోయిన మిరప కాలంలో జరిగింది చెబుతాను.

మా కౌలు రైతు వాళ్ల తాత మా ఇంటి పరుపులకు దూది ఏకేవాడు. ఆ ముస్లిం కుటుంబంలో ఇతనొక్కడే వ్యవసాయంలోకి వచ్చాడు. అంతకు ముందు ఏడాది పత్తి వేసి దెబ్బతిన్నాడు. ఈసారి పొలమంతా మిరపే పెట్టాడు. ఇది కూడా పోతే హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోవడమేనని, బావమరిది పని చూసి పెట్టాడని నారు పోసినప్పుడే చెప్పాడు. అతను వెళ్లిపోతే నా పొలం చేసేవాడు లేడు. ఆ బాధ నాది. అతనికి చేలో నిలబడటం తప్ప ఇంకేదీ ఇష్టం లేదు. ఈ బాధ అతనిది. ఇద్దరి బాధా ఆ తోటలోనే ఉంది.

కార్తీక మాసంలో ఒక మిట్టమధ్యాహ్నం అతను మోపెడ్ మీద వచ్చి, తలగుడ్డ విప్పి ఒక మిరప కొమ్మ అరుగు మీద పెట్టాడు.

"తోట ముడిచిందండి బాబుగారూ."

"ఎంత మేర?"

"వాగు వైపంతానండి. పూత కూడా రాలిపోతంది. నిన్న మా చిన్నాన్న కొడుకొచ్చి చూసి, ఇది వైరస్సురా, పీకేసి శనగ చల్లుకో అన్నాడు. కొట్టాయనేమో కొత్త సీసా వచ్చింది, ఇంకో రెండు మందులు కలిపి కొట్టు, తెల్లారేసరికి తోట నవ్వుద్ది అన్నాడు. వీడియో కూడా చూపిచ్చాడు."

"తోట నవ్వగా నువ్వెప్పుడన్నా చూశావా?"

"లేదండి. నా తోట చూసి జనం నవ్వితే చూశా."

"ఇప్పుడేం చేద్దామని?"

"అదేనండి, మీరు చెప్పాల. పీకమంటే పీకుతా. కొట్టమంటే కొడతా."

లోపలి నుంచి మా ఆవిడ వింటూనే ఉంది. "బాగుంది వరస. మిరప చెట్టు మోకాలెత్తు ఉంటుందో తలెత్తు ఉంటుందో తెలియని మనిషి పీకమనాలి, కొట్టమనాలి! కాసిని మజ్జిగ తాగి పో నాయనా, ఎండన పడి వచ్చావు."

"సాయంత్రం రా, చెబుతాను" అన్నాను నేను.

అతను వెళ్లాక కొమ్మను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. "మిరప ముడత" అని కొట్టగానే ఫోను నిండా మనుషులు దిగారు. ఒకాయన మిరప సాళ్ల మధ్య నిలబడి వీడియోలో మొదటి సగమంతా భయపెట్టి, రెండో సగమంతా సీసా పట్టుకున్నాడు. ఇంకొకాయన పీకేయడమే మార్గమన్నాడు, కింద మొక్కజొన్న విత్తనాల ప్రకటన ఉంది. బొటనవేలు కూడా ఒకచోట కనిపించింది.

ఆకు ఫోటో తీస్తే జబ్బు చెప్పే యాప్ ఒకటుందని విని దాన్ని దించుకున్నాను. కొమ్మను ఫోటో తీసి పెడితే ఇది టమాటా అంది. నూటికి తొంభై పాళ్లు ఖాయమని కూడా అంది. ఇంకో వైపు నుంచి తీశాను. ఈసారి మిరప అని ఒప్పుకుని, జబ్బేమీ లేదు, మొక్క దాహంతో ఉంది, నీళ్లు పొయ్యండి అంది. వాగు పక్క పొలంలో మొక్కకు దాహమేమిటి? ఆ యాప్‌ను తీసేశాను.

తర్వాత గుంటూరు దగ్గర మిరప మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి గుర్తొచ్చి, నేరుగా వాళ్ల పేజీకి వెళ్లి, "ప్రచురణలు" అన్న చోట నొక్కి, ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయాను. చాలాసేపటికి మిరప తెగుళ్ల మీద ఒక చిన్న పుస్తకం దొరికింది. కాగితాలను ఫోటో తీసి పెట్టారు, కొన్ని పేజీలు కొంచెం పక్కకు ఒరిగి ఉన్నాయి. ఎవరు రాశారో ఉంది. ఎక్కడ పరీక్షించారో ఉంది. మందు కొట్టని మడిలో ఏమైందో కూడా ఉంది. ఏదీ అమ్మడం లేదు. ఇంత మర్యాదగల రాత ఈ మధ్య చూడలేదనుకున్నాను.

మొదటి పేజీకి "రైతు సోదరులకు సూచనలు" అని శీర్షిక ఉంది. నేను రైతును కాను గనుక పేజీ తిప్పాను. ముడత గురించి లోపల స్పష్టంగా రాశారు. ఆకు అంచులు పైకి ముడిచి పడవలా కనిపిస్తే అది తామర పురుగు. కిందికి ముడిచి, బోర్లించిన పడవలా కనిపిస్తే అది నల్లి. దాని మందు దీనికి పనిచేయదు, దీని మందు దానికి పనిచేయదు. అరుగు మీద కొమ్మను చూశాను. ఆకులన్నీ కిందికే ఉన్నాయి. బోర్లించిన పడవలు. నాకు ఏ సందేహమూ మిగల్లేదు.

సాయంత్రం అతను వచ్చాడు. "ఇది నల్లి. వైరస్ కాదు, పీకవద్దు. సీసా వద్దు. నీళ్లలో కలిసే గంధకం కొట్టు" అన్నాను.

అతని ముఖం తేటపడింది. "అంతేనంటారా?"

"అంతే."

చెప్పిన వాటిలో పీకవద్దన్నదీ సీసా వద్దన్నదీ సరైనవే.

వారం దాటాక మళ్లీ మధ్యాహ్నం పూటే వచ్చాడు. ఈసారి మజ్జిగ తాగమన్నా తాగలేదు.

"కొట్టానండి. తైవాన్ పంపుతో చెట్టు చెట్టూ తడిపా. తోట తెల్లగా అయిందండి, అంతే. ముడత ఇటు రోడ్డు వైపుకు కూడా వచ్చింది."

"కొట్టాయన ఏమన్నాడు, గంధకం అడిగితే?"

"ఎందుకని అడిగాడండి. బాబుగారు చెప్పారన్నా. లేచి నిలబడి ఇచ్చాడు."

తలగుడ్డ విప్పి ఇంకో కొమ్మ పెట్టాడు. అదీ అంతే, ఆకులన్నీ కిందికే ఉన్నాయి. నేను ఫోను తీసి ఆ పుస్తకం మళ్లీ తెరిచాను. నల్లి పేజీ మళ్లీ చదివాను. అందులో ఏ తప్పూ లేదు. ఇంకేం చేయాలో తోచక మొదటి పేజీకి పోయాను, రైతు సోదరుల పేజీకి. అక్కడ మొదటి మాటే ఇది: కొమ్మ తుంచి తెచ్చి చూడకండి. తుంచిన కొమ్మ ఎండకు వాడి ఆకులు వాలిపోతాయి, ముడత ఎటువైపో తెలియదు. పొద్దున్నే చేలోకి వెళ్లి చెట్టు మీదే చూడండి. పూలను తెల్ల కాగితం మీద దులిపి చూడండి.

మా ఇంట్లో ఎన్ని కొమ్మలను ఎన్ని తరాలు అట్లా చూశాయో లెక్క లేదు. వాడిన ఆకును చూసి ఎంతోమందికి ఎన్నో చెప్పాం. ఆ యాప్ చెప్పిన దాహం కూడా అబద్ధం కాదు. కొమ్మ చెట్టు నుంచి వచ్చి చాలాసేపైంది.

"రేపు పొద్దున నేను చేలోకి వస్తాను" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. "ఏ చేలోకండీ?"

"మన చేలోకే."

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఏం చెప్పులు వేసుకుంటారు?" అని మాత్రం అడిగింది. అది సరైన ప్రశ్నే. మా ఇంట్లో ఆ పనికి చెప్పులు లేవు.

మర్నాడు పొద్దున అతని మోపెడ్ వెనక కూర్చుని బయలుదేరాను. నేను అంత పొద్దున్నే బయటికి వచ్చేది ఎవరైనా పోయినప్పుడే. టీ కొట్టు దగ్గర ఒకాయన బీడీ పారేసి లేచాడు.

"ఎవరు పోయారు బాబుగారూ?"

"ఎవరూ పోలేదు. పొలానికి."

"ఒరేయ్, బాబుగారు పొలానికంటరా!" అని ఆయన లోపలున్న వాళ్లకు కేక పెట్టాడు. నలుగురు గ్లాసులతో సహా బయటికి వచ్చారు.

"పొలం చేసేవాణ్ణి నేను రోజూ పోతంటే ఎవడన్నా చూసేదానికి వచ్చాడా? ఆయన్ని చూడ్డానికి మాత్రం అందరొచ్చారు. పోండెహె!" అని మా కౌలు రైతు ఎదురు అరిచి బండి పోనిచ్చాడు.

నల్లరేగడి మంచుకు తడిసి ఉంది. గట్టు దిగగానే చెప్పులు రెండూ మట్టిలో ఉండిపోయాయి, నేను ముందుకు పోయాను. మిరప చెట్టు నాకు నడుము దాకా ఉంది. వంగి చూశాను. ప్రతి చెట్టు మీదా చిగురాకుల అంచులు పైకి ముడిచి ఉన్నాయి. వరసగా పడవలు. ఒక్కటీ బోర్లపడలేదు.

జేబులో ఒక శుభలేఖ ఉంటే దాన్ని తిరగేసి, తెల్లటి వైపు పట్టుకుని, దాని మీద ఒక పువ్వును దులిపాను. ఆవగింజను ముక్కలు చేస్తే ఒక ముక్కంత నల్లటి నలుసులు పడ్డాయి. పడి, పరుగెత్తాయి.

"ఇవి పైకి ముడిచాయి కదయ్యా" అన్నాను.

"అవునండి. మొదట్నుంచీ పైకే."

"మరి చెప్పలేదేం?"

"మీరు చూశారుగదండీ కొమ్మని." అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు చూసింతర్వాత నేనేం చెప్తానండీ? పైకో కిందికో, దాంట్లో ఏదన్నా తేడా ఉందని నాకేం తెలుసు? మీరు అడిగితే చెప్పేవాణ్ణి."

అతను చెప్పింది నిజం. నేను ఫోనును చాలా అడిగాను. యాప్‌ను అడిగాను. ఎదురుగా నిలబడి మజ్జిగ తాగుతున్న మనిషిని "చెట్టు మీద ఎట్లా ఉంది?" అని అడగలేదు. మా ఇంట్లో అడగరు. అతని ఇంట్లో అడగందే చెప్పరు. రెండు ఇళ్ల మర్యాదల మధ్య తోట వారం రోజులు ముడిచింది.

ఆ పుస్తకం చివరి పేజీలో ఒక ఫోను నంబరు ఉంది. దాన్ని నేను ముందే చూశాను. అడగాల్సిన అవసరం రాదని అనుకున్నాను. చేలోనే నిలబడి చేశాను. ఒక ఆవిడ తీసింది. తోట ముడిచిందని మొదలుపెట్టబోతే మధ్యలో ఆపింది.

"ఇప్పుడు చేలో ఉన్నారాండి, ఇంట్లో ఉన్నారా?"

"చేలో."

"అయితే చెప్పండి."

చాలామంది ఇంట్లోంచే చేస్తారనుకుంటాను. ఆమె అడుగుతూ పోయింది. నాటి ఎన్నాళ్లయింది, యూరియా ఎంత వేశారు, పూత మొదటిదా రెండోదా, ఇప్పటిదాకా ఏమేం కొట్టారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నేను అతన్ని అడిగి, అతను చెప్పింది ఆమెకు చెప్పి, ఆమె చెప్పింది అతనికి చెబుతున్నాను. కాసేపటికి ఆమెకు విసుగొచ్చింది.

"స్పీకర్ పెట్టండి సార్. ఆయనతో మాట్లాడతాను."

స్పీకర్ పెట్టి ఫోనును వాళ్లిద్దరి మధ్య పట్టుకుని నిలబడ్డాను. మా తాతగారి కాలంలో ఈ పనికి ఒక మనిషి ఉండేవాడు.

"కొత్త సీసా ఏదో కొట్టమంటన్నారు మేడమ్" అన్నాడు అతను. "ఇంకో రెండు కలిపి."

"సీసా మీద లోపల ఏముందో రాసుందా?"

"బొమ్మలున్నాయండి. పచ్చటి చేను, సూర్యుడు."

"లోపల ఏముందో రాయనిది చెట్టుకు కొట్టకండి. మూడు కలిపి అసలు కొట్టకండి. పురుగుకు అలవాటైపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి, మార్చి మార్చి కొట్టాలి. పేర్లు మెసేజ్ పెడతాను. నీలం రంగు జిగురు అట్టలు పెట్టండి. యూరియా ఆపండి."

"చెట్లు పీకమంటన్నాడండి మా వాడు."

"చెట్టుకు ప్రాణం ఉందిగా? ఎందుకు పీకడం? ఈ పూత పోయినట్టే అనుకోండి. తర్వాతి పూత నిలబెట్టుకుందాం."

"నిలబడుతుందా? ఖాయమేనా?" అని నేను అడిగాను.

"తెలియదండి" అంది ఆమె. "కొన్ని తోటల్లో నిలబడింది, కొన్నిట్లో లేదు. పది రోజులాగి మళ్లీ చేయండి. చేలోంచే చేయండి."

ఆమె మీద నాకు పూర్తిగా గురి కుదిరింది అప్పుడే. ఇన్నాళ్లుగా నేను చూసిన వీడియోల్లో ఆ మాట ఒక్కరూ అనలేదు.

మందులు కొనడానికి అతనితో పాటు నేనూ కొట్టుకు వెళ్లాను. కాళ్లకు మట్టి అట్లాగే ఉంది. కొట్టాయన లేచి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా" అన్నాను.

"మీరు నిలబడి ఉండగా నేనెట్టా కూర్చునేదండీ?"

కుర్చీ లాక్కుని నేను కూర్చున్నాను. అప్పుడు అతనూ కూర్చున్నాడు. ఇంత సులువైన పని ఇన్నేళ్లుగా ఎందుకు తోచలేదో తెలియదు. మెసేజిలో వచ్చిన పేరు చూపించి, "ఇది ఉందా? దీని మీద మిరపకు అని రాసి ఉంటుందా?" అని అడిగాను.

అతను డబ్బా తీసి తిప్పి తిప్పి చూశాడు. అక్షరాలు చిన్నవి. కళ్లజోడు పెట్టుకుని నేను చదివాను. మిరప అని ఉంది, తామర పురుగు అని ఉంది. కొట్టాయన కొంచెం మనసు కష్టపెట్టుకున్నాడు.

"నేను చెప్పిన సీసా కూడా బాగానే పనిచేస్తుందండీ. గ్రూపులో వీడియో పెట్టాగా, చూశారా?"

"చూశాను. నీ సీసా కొట్టని సాలు ఎట్లా ఉందో దాంట్లో చూపించలేదే."

"కొట్టని సాలు ఎవడు చూపిస్తాడండీ, ముడిచిపోయి ఉంటే?"

"అదే చూపించాలయ్యా."

"మీరన్నది నిజమేనండి. కానీ అట్టా చూపిస్తే ఎవడూ కొనడు" అన్నాడు. ఆ కొట్టులో ఆ రోజు విన్నవాటిలో నేను పూర్తిగా నమ్మింది ఆ మాటనే.

ఆ తర్వాత పది రోజులకొకసారి చేలోంచి ఫోను చేశాం. ఫోను అతనే చేసేవాడు. నేను గట్టు మీద కాకుండా సాల్లో నిలబడి శుభలేఖ పట్టుకునేవాణ్ణి. జిగురు అట్టలు నల్లబడ్డాయి. రెండో పూత వాగు వైపు నిలబడలేదు, రోడ్డు వైపు నిలబడింది. మొదటి కోతలో కాయ చాలా తక్కువ, అందులోనూ రంగు పోయిన తాలు ఎక్కువ. తర్వాతి కోతలు నయం. మొత్తం మీద మామూలు ఏడాదిలో వచ్చేదానికి సగం వచ్చి ఉంటుందని అతనన్నాడు. తన తోట పీకి శనగ చల్లిన వాళ్ల చిన్నాన్న కొడుకు కంటే మెరుగు. ఆ వారం పోకుండా ఉంటే ఎంత వచ్చేదని నేను ఫోన్లో ఆవిడను ఒకసారి అడిగాను. తెలియదంది.

కల్లం ఎత్తి సరుకు గుంటూరు యార్డుకు వేసి వచ్చాక, అతను కౌలు ఇవ్వడానికి అరుగు దగ్గరికి వచ్చాడు. నేను తీసుకోలేదు.

"అదేందండీ?"

"గంధకం నా మాట మీద కొట్టావు."

"కొట్టింది నేనుగదండీ. నా పంపు, నా చెయ్యి. మీ మాట తప్పిందని కౌలు మానేసుకుంటూ పోతే మీ తాతగారు ఎన్నిసార్లు మానేయాల?"

"మా తాతగారి సంగతి వేరు. ఆయన తప్పు వాన మీదికి పోయేది. నాకు ఆ సౌకర్యం లేదు."

"అమ్మగారూ, మీరన్నా చెప్పండి!" అని అతను లోపలికి కేకేశాడు.

"ఆయనకు చెప్పేవాళ్లం అయితే ఇంత దాకా ఎందుకొచ్చేది నాయనా" అని లోపలి నుంచి జవాబొచ్చింది. "పట్టుకుపో. బావమరిదికి ఫోన్ చేసి ఆ హైదరాబాదు పని వేరేవాళ్లకు ఇప్పించమని చెప్పు."

అతను డబ్బు మళ్లీ తలగుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు. హైదరాబాదు వెళ్లలేదు. ఈ ఏడు మళ్లీ మిరపే పెట్టాడు, వాగు వైపు మాత్రం వదిలేసి అక్కడ జొన్న వేశాడు. నీలం అట్టలు ముందే తెచ్చి కట్టాడు. కొమ్మలు తేవడం మానేశాడు. ఏదైనా ఉంటే వచ్చి బండి హారన్ కొడతాడు, నేను వెళ్లి వెనక కూర్చుంటాను. ఈ పనికని మా ఆవిడ రబ్బరు చెప్పులు కొన్నది. గ్రూపులో ఇప్పుడెవరైనా ఆకు ఫోటో పెట్టి "ఇదేం తెగులు బాబుగారూ?" అంటే, "చెట్టు మీద ఉండగా తీసిందేనా?" అని రాస్తున్నాను. కొంతమందికి కోపం వస్తోంది.

ఆ కౌలు మీద మాకు ఏడాది గడిచేది. అది రాకపోయేసరికి బస్టాండు దగ్గర అద్దెకిచ్చిన రెండు కొట్లు అమ్మేశాం. తూర్పుది వేసవిలో పోయింది, పడమరది శ్రావణంలో.